మూకుడు పస్తున్న రోజులు

శుద్ధ చవితి

పొద్దున మూకుడులో వెలుగు తగ్గింది. పెట్టె మూతకున్న సన్నని చీలికలోంచి చూసి, నమ్మలేక, నీళ్ళ వంతుకి వెళ్ళొచ్చి మళ్ళీ చూశాను. బట్టలు పిండుతూ మధ్యలో చేతులు తుడుచుకుని ఇంకోసారి వచ్చాను. ఎన్నిసార్లు చూసినా అంతే ఉంది. నిన్న ఆ వెలుగులో పెట్టె లోపల అంటించిన కేలెండరు అంకెలు చదవగలిగాను. ఈ రోజు అక్కడ అంకె ఉందని తెలుస్తోంది గాని ఏ అంకో తెలియడం లేదు. సంతోషించాల్సిన సంగతే. అయినా కాలు ఒకచోట నిలవడం లేదు. ఎల్లుండి షష్ఠి.

మూకుడు చూసేవాళ్ళు రోజూ ఏదో ఒకటి రాసుకోవాలని డాక్టరమ్మ చెప్పారు. రాసింది ఆవిడ చదవరు. రాయాలంటే చూడాలి కదా, అందుకట. నేను బడి ఓడలో ఐదో తరగతి వరకు చదివాను. నలుగురిలో నోరు పెగలదు గాని, ఒంటరిగా కూర్చుంటే నాలుగు మాటలు రాయగలను.

పెళ్ళిలో తాళితో పాటు ఈ మూకుడునీ నాకు అప్పగించారు. మట్టిది కాదు, గాజుది. ఆకారం చూసి మా అత్త కాసులమ్మ దానికా పేరు పెట్టింది. మా ఆయన పేరు గురువులు. అందులో ఉన్నది ఆయన కార్జం, డాక్టర్ల మాటలో కాలేయం. డాక్టరమ్మ సూదితో ఆయన పక్కలోంచి చిటికెడు తీసి గాజు మీద పెంచితే పల్చటి పొరలా పరుచుకుంది. ఆయన మాత్ర వేసుకున్నప్పుడు దీనికి అదే మందు ఒక చుక్క వేస్తాను. ఆయన అన్నం తినే వేళకి దీనికి గులాబీ రంగు మేతనీళ్ళు పోస్తాను. లోపలున్న కార్జానికి ఏది జరిగితే దీనికీ అదే జరుగుతుంది కాబట్టి, ఆయన నడిసముద్రంలో ఉన్నా జబ్బు సంగతి ఇంట్లో నాకు తెలుస్తుంది. జబ్బు తాలూకు ప్రోటీను ఒకటి ఉంది. దానికి డాక్టర్లు వెలుగు అతికించారు. అది ఎక్కువైతే మూకుడు వెలుగుతుంది, నశిస్తే వెలుగు ఆరుతుంది.

పోయిన నెల డాక్టరమ్మ మీటరు పెట్టి చూసి, ఈ కొత్త మందు మీవాడికి పట్టడం లేదేమో అన్నారు. ఇంకొక్క నెల చూస్తాననీ, అప్పటికీ వెలుగు ఇలాగే ఉంటే మందుని వరసలో తర్వాతి మనిషికి ఇచ్చేస్తాననీ చెప్పారు. మందు కొంచెమే తయారవుతోంది, కావలసినవాళ్ళు ప్రతి ఓడలోనూ ఉన్నారు. మందు లేకపోతే ఏమవుతుందో మా ఇంట్లో వేరే చెప్పక్కర్లేదు. మా బావగారు ఎర్రయ్య ఇదే జబ్బుతో కార్జం గట్టిపడి, కడుపు నీరుపట్టి పోయారు. ఈ జబ్బు కాన్పులో తల్లి నుంచి ఇద్దరు కొడుకులకీ వచ్చిందట. అత్త ఒంట్లోనూ ఉంది. వయసు మీరినవాళ్ళకి మందు వరస లేదు కాబట్టి ఆవిడకి మూకుడు ఇవ్వలేదు. తనకేమీ లేదనే అంటుంది ఆవిడ.

శుద్ధ షష్ఠి

ఈ రోజు నుంచి గంగపస్తు.

మా పేట అంటే గొలుసులతో కట్టిన పాత ఓడలే. తాతల నాటి ఊళ్ళు వాటి కిందే ఎక్కడో మునిగి ఉన్నాయంటారు. నేల పోయినా ఆచారాలు పోలేదు, కొన్ని కొత్తవి కూడా పుట్టాయి. నెలలో రెండు అష్టములకీ పోటు మందగిస్తుంది. అప్పుడు పడవలు లోతునీళ్ళకి వెళ్తాయి. దానికి ముందు రెండు రోజులు, వెళ్ళే మగవాళ్ళూ వాళ్ళ తల్లులూ మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టరు. పస్తు తప్పినవాణ్ణి, పడవ నడిపించే లచ్చయ్య సరంగు పడవ ఎక్కనివ్వడు. పెళ్ళాలకి మాత్రం పస్తు లేదు. పడవ తిరిగి రాకపోతే ఇల్లు నిలబెట్టాల్సింది వాళ్ళే కనుక వాళ్ళు తిని తీరాలట.

మూకుడు ఇంటికొచ్చిన కొత్తలో అత్తకి ఒక సందేహం పుట్టింది. కొడుకు పస్తుంటే కొడుకు కార్జం మాత్రం మేత తినడమేమిటి అని.

"ఆడి కార్జం తింటే ఆడు తిన్నట్టే గదేటే. గంగమ్మకి తెలీదేటి?" అంది.

అప్పటినుంచీ పస్తు రోజుల్లో దానికి మేతనీళ్ళు ఆపేసి, ఎండిపోకుండా ఉప్పునీళ్ళు పోస్తున్నాం. మా ఓడలో మూకుడు ఉన్న ఇల్లు మాదొక్కటే. ఇలా చేయొచ్చా అని అడగడానికి ఇంకొకరు లేరు. పొద్దున నేనే గులాబీ నీళ్ళు వంపేసి ఉప్పునీళ్ళు పోశాను. పోస్తుంటే అత్త పక్కనే నిలబడి దణ్ణం పెట్టుకుంది.

మధ్యాహ్నం నా ఒక్కదానికే వండాలి. ఇద్దరికి సరిపడా వండాను. చిరిగిన వల ముక్కల కింద గిన్నె పెట్టుకుని వలల గదికి వెళ్ళాను. మా ఆయన తలుపు వేసి తిన్నాడు. నెత్తళ్ళ పులుసులో ఉప్పు ఎక్కువైందని మొహం పెట్టాడు, అయినా గిన్నె నాకినంత పని చేశాడు. పరగడుపున ఆ మాత్ర వేసుకుంటే ఆయనకి కడుపులో మంట. పెళ్ళైన కొత్తలో ఒక పస్తునాడు ఆ గదిలో గోడకి జారగిలబడి, చెమటలు కారుతూ, ఒక ముద్ద పెట్టమని అడిగాడు. పెట్టాను. ఆ తర్వాత ఆయన అడగలేదు, నేను మానలేదు.

తిరిగి వస్తుంటే అత్త సౌరపలకల మీద ఉప్పు గీకుతోంది. ఎండలో ఆవిడ చేతులు వణుకుతున్నాయి. ఆకలి మీదుంటే ఆవిడకి పని ఎక్కువ చేయాలనిపిస్తుంది. ఆ వణుకు చూస్తే నాకు గిన్నె కడగబుద్ధి కాలేదు. అయినా కడిగి, తుడిచి, ఎప్పుడూ ఉండే చోట పెట్టాను.

శుద్ధ సప్తమి

వెలుగు పెరిగింది. అంకెలు కనిపిస్తున్నాయి. వాటి కింద సన్నగా ఉండే అక్షరాలు కూడా.

అత్త చీలికకి కన్ను ఆనించి చాలాసేపు చూసింది. అమ్మవారికి మన పస్తు ఇంకా చాలలేదని అంది. రేపు పడవ వెళ్ళాక కూడా, సాయంత్రం దాకా మూకుడుకి మేత పోయొద్దని చెప్పింది. సరే అన్నాను. సరే అనడం నాకు బాగా అలవాటు. లోపల మాత్రం ఏదో గోకుతూనే ఉంది. ఉల్లిపాయలు కోస్తూ లేచాను, నీళ్ళు తాగి కూర్చున్నాను, మళ్ళీ లేచాను. పోయిన పస్తుకీ ఇలాగే పెరిగింది. అంతకు ముందుదానికీ.

శుద్ధ దశమి

మా ఆయన సముద్రం మీద ఉన్నాడు. మేత మొదలుపెట్టాక వెలుగు దిగుతోంది.

వలకి కట్టే తేలుడు బుడ్డీలు పగిలిపోతే వాటిని ఇవ్వడానికి మర ఓడకి వెళ్ళాను. మా పేటలో ఏదీ సముద్రంలో పారేయకూడదు. పాడైనదానికి అక్కడొక మనిషి పసుపు పట్టీ కడతాడు. పట్టీ ఉన్నది మరలో పడుతుంది, పిండి అవుతుంది, ఆ పిండితో కొత్త వస్తువు పోత పోస్తారు. పట్టీ లేనిదాన్ని మర ముట్టుకోదు.

డాక్టరమ్మ మొదటిసారి మాకు జబ్బు వివరించినప్పుడు ఈ మరనే చూపించి చెప్పారు. ప్రతి కణంలోనూ ఇలాంటి మర ఒకటి ఉందట. పాడైన ప్రోటీన్లకి పట్టీ కట్టే మనిషి లాంటిది కూడా ఉందట. హెపటైటిస్ వైరస్ తయారుచేసే ఎక్స్ అనే ప్రోటీను, మూకుడులో వెలిగేదే, లోపలికి వచ్చి, పట్టీ కట్టే వాడి చెయ్యి పట్టుకుని, ఆ పట్టీని కణానికి కాపలా కాసే మంచి ప్రోటీనుకి కట్టిస్తుందట. పట్టీ ఉంది కనుక మర కాపలావాణ్ణి నలిపేస్తుంది. ఇక వైరస్‌ని ఆపేవాడు ఉండడు. ఎక్స్ కూడా ఎక్కువసేపు బతకదు, దానికీ ఎప్పుడో పట్టీ పడుతుంది. కాని ఒకటి నలిగేలోపు ఇంకొకటి పుడుతుంది. కొత్త మందు ఒక చేత్తో ఎక్స్‌నీ, ఇంకో చేత్తో పట్టీ కట్టేవాణ్ణీ పట్టుకుని, ఇదిగో దీనికి కట్టు అంటుందట. పుట్టేవాటికంటే నలిగేవి ఎక్కువైతే వెలుగు ఆరుతుంది, కాపలావాడు తిరిగి నిలబడతాడు.

అది విన్న రోజు అత్త నవ్వింది. నా ఒంట్లో ఇంత సంత జరుగుతుందని తెలిస్తే అద్దె వసూలు చేసేదాన్ని అంది. డాక్టరమ్మ కూడా నవ్వారు. ఆ రోజే నేను నోరు తెరిచి, పస్తు రోజుల్లో దీనికి మేత ఆపొచ్చా అని అడిగి ఉండాల్సింది. అప్పటికి ఆ ఆలోచనే రాలేదు. ఇప్పుడు వచ్చింది, అడగడానికి ధైర్యం రావడం లేదు. పస్తు వల్లే వెలుగు పెరుగుతోందని అంటే, అత్తతో నీ పూజ తప్పు అన్నట్టే.

మర చప్పుడు ఇంటికి వచ్చాక కూడా చెవుల్లో తిరుగుతూనే ఉంది.

బహుళ విదియ

పడవలు నిన్న తిరిగొచ్చాయి. చేపలు సర్దడం అయ్యాక మా ఆయనకి చెప్పాను. పస్తునాడే పెరుగుతోంది మావా, తింటే తగ్గుతోంది అన్నాను. ఆయన వల విప్పడం ఆపలేదు.

"అమ్మ ముందు ఆ మాటెత్తకు. అన్న పోయాక అమ్మ ఈ పస్తు మీదే నిలబడ్డాది. అదీ లాగేస్తే ఏటుంటాదే ఆవిడికి?"

మరి మందు తీసుకుపోతే అని అడిగాను. తగ్గుతుందిలే అన్నాడు. ఎలా తగ్గుతుందో ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. డాక్టరమ్మ వచ్చే సప్తమి ఇంక దగ్గర్లోనే ఉంది.

బహుళ షష్ఠి

మళ్ళీ ఉప్పునీళ్ళు పోశాను. దొంగతనంగా కాస్త మేత పోద్దామని గులాబీ సీసా మూత తీశాను. అత్త వచ్చి పెట్టె పక్కనే చాప వేసుకుంది. డాక్టరమ్మ వచ్చే ముందు రోజు కదా, దీని ఎదుటే కూర్చుని గంగమ్మని తలుచుకుంటానంది. కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది. సీసా మూత పెట్టేశాను. మా ఆయనకి ముద్ద తీసుకెళ్ళాను. ఆయనకి తిండి దొరికింది, ఆయన కార్జానికి దొరకలేదు. ఇలా రాస్తే నవ్వొచ్చేలా ఉంది గాని నాకు నవ్వు రావడం లేదు.

బహుళ సప్తమి

జరిగింది జరిగినట్టు రాస్తాను.

డాక్టరమ్మ పేరు శశిరేఖ. వైద్య పడవ నెలకోసారి, ఎప్పుడూ బహుళ సప్తమికే వస్తుంది, మగవాళ్ళు ఇంట్లో దొరికేది అప్పుడే కనుక. వలలు బాగుచేసుకోవడానికి ఉంటారని ఆవిడ అనుకున్నారు గాని, ఎందుకుంటారని అడగలేదు. ఆవిడ కొలవడానికి వచ్చేసరికి మేతనీళ్ళు వంపేసి, మూకుడుని ఉప్పునీళ్ళతో కడిగి ఉంచడం పద్ధతి. అందుకే అందులో ఉన్నది ఉప్పునీళ్ళేనన్నది ఎప్పుడూ బయటపడలేదు.

మీటరు పెట్టారు. అంకె చూసి, మీటరు తీసి తుడిచి, మళ్ళీ పెట్టారు. మేత ఎప్పుడైనా తప్పిందా అని అడిగారు.

"ఏ పూటా పద్ధతి తప్పలేదమ్మా," అంది అత్త. "నా కోడలు కన్నబిడ్డలా సూసుకుంటాది."

అత్త అబద్ధమాడలేదు. ఆవిడ దృష్టిలో ఏమీ తప్పలేదు. నేను ఆవిడ వెనక, తలుపు పక్కన నిలబడి ఉన్నాను. మా ఆయన నేల చూపులు చూస్తున్నాడు. డాక్టరమ్మ చాలా నొచ్చుకుంటూ, మందు డబ్బా అల్మరాలోంచి ఇమ్మని చెయ్యి చాపారు. అత్త లేచి డబ్బా తీసి ఇచ్చింది. ఎంత మర్యాదగా ఇచ్చిందంటే, రెండు చేతులతో. డాక్టరమ్మ సంచి జిప్పు లాగుతున్న చప్పుడు వినిపించింది.

"మూకుడు పస్తుంటాదండి," అన్నాను.

నా గొంతు నాకే వినపడలేదు. ఏమిటమ్మా అని అడిగారు. మళ్ళీ చెప్పాను. అప్పుడు అత్తే అందుకుని, కొడుకు పస్తుంటే కొడుకు కార్జం కూడా ఉండాలి కదా అని, మొదటినుంచీ ఎంత నిష్ఠగా చేస్తున్నామో చెప్పుకొచ్చింది. దాపరికం ఏమీ లేదు, గొప్పగానే చెప్పింది.

డాక్టరమ్మ సంచి దించి కింద కూర్చున్నారు. కోప్పడలేదు. ఇన్నాళ్ళూ నేను అడగాల్సింది అడగలేదు అని మాత్రం అన్నారు. తర్వాత మాకు అర్థమయ్యేలా చెప్పారు. కడుపు ఖాళీగా ఉంటే ఒంటికి చక్కెర తయారుచేసి ఇవ్వాల్సింది కార్జమే. అందుకోసం అది కణాల్లో ఒక స్విచ్చి వేసుకుంటుంది. ఈ వైరస్ ఆ స్విచ్చికే తన తీగ కూడా తగిలించుకుంది. పస్తుంటే స్విచ్చి పడుతుంది, కార్జంతో పాటు వైరస్ కూడా పని మొదలెడుతుంది, ఎక్స్ తెగ పుడుతుంది. మందు పట్టీలు కట్టిస్తూనే ఉంటుంది, మర తిరుగుతూనే ఉంటుంది, వచ్చే సరుకు అంతకంటే ఎక్కువ.

"మందు తప్పు కాదన్నమాట," అన్నారు. నాకు ఊపిరి ఆడింది. కాని ఆవిడ ఆగలేదు. "అయితే గురువులు లోపల కూడా ఇదే జరుగుతోంది కదా. పస్తులు మానేస్తావా బాబూ? మానకపోతే ఈ మందు నీకిచ్చి లాభం లేదు. వేరేవాళ్ళకి ఇవ్వాలి నేను."

మా ఆయన అత్త వైపు చూశాడు. అత్తే జవాబు చెప్పింది.

"మానితే సరంగు పడవెక్కనివ్వడమ్మా. గంగ మీదకెల్లే మనిషి పస్తు లేకుండా ఎలాగెల్తాడు? పెద్దోడు జబ్బులో కూడా మాన్లేదు."

డాక్టరమ్మ సంచి అందుకున్నారు. ఒక్క మాట చెప్పేస్తే చాలనుకున్న నాకు, అది సగం మాటేనని అప్పుడు తెలిసింది. మిగతా సగం చెబితే ఈ ఇంట్లో నా బతుకు ఎలా ఉంటుందో ఆలోచించే తీరిక లేదు.

"ఆయన పస్తుండడండి. నానే పెడతన్నాను. వలల గదిలో."

అత్త నా వైపు తిరగలేదు. కొడుకు వైపే చూసింది. మా ఆయన మొహం ఎర్రబడింది.

"లేదమ్మా. దీనికి భయమేసి ఏటేటో వాగతాంది. నాను ముట్లేదు."

డాక్టరమ్మ ఎదుట, అత్త ఎదుట నన్ను అబద్ధాలకోరుని చేశాడు. ఏడుపు రావాలి, రాలేదు. కోపమే వచ్చింది.

"మొన్న శుద్ధ షష్ఠికి నెత్తళ్ళ పులుసులో ఉప్పెక్కువైందని మొహమెట్టినావు గదా మావా. పస్తున్న నోటికి ఎలాగ తెలిసింది?"

అత్త గోడ పట్టుకుని నెమ్మదిగా చాప మీద కూర్చుంది.

ఎవరు తిన్నారో తేల్చడానికి తాను రాలేదని డాక్టరమ్మ అన్నారు. మందు డబ్బా తీసి నా చేతిలో పెట్టారు. వచ్చే నెల దాకా మూకుడుకి ఒక్క పూట కూడా మేత ఆపొద్దనీ, గురువులు ఒక్క పూట కూడా తిండి మానొద్దనీ చెప్పారు. అప్పుడు వెలుగు తగ్గితే మందు మీదే అన్నారు. వెళ్ళబోతూ ఆగి అత్త కళ్ళలోకి పరీక్షగా చూశారు.

"నువ్వు? నువ్వు కూడా తింటున్నావా?"

"నానెప్పుడూ తప్పలేదమ్మా," అంది అత్త.

డాక్టరమ్మ ఆవిడ కింది రెప్ప లాగి చూశారు. వచ్చే నెల నీ కార్జంలోంచి కూడా సూదితో చిటికెడు తీసి చూస్తాను అన్నారు.

బహుళ నవమి

నిన్న అష్టమి. మా ఆయన వల భుజాన వేసుకుని పడవ దగ్గరికి వెళ్ళాడు. నేను వెనకాల వెళ్ళాను, రమ్మనలేదు, పొమ్మనలేదు. అందరూ ఎక్కారు. ఆయన పడవకి వేసిన చెక్కపలక మీద కాలు పెట్టి తీసేశాడు. లచ్చయ్య సరంగు ఏటిరా అన్నాడు. నేను తిన్నాను మావా అన్నాడు మా ఆయన, అందరికీ వినపడేలా. ఈసారే కాదు, చాలా కాలంగా తింటున్నాను అని కూడా చెప్పాడు. సరంగు చాలాసేపు తిట్టాడు. ఇన్నాళ్ళూ మునక్కుండా తిరిగి రావడం తన పస్తు వల్లేనని కూడా అన్నాడు. పడవ వెళ్ళిపోయింది.

ఇంటికి వచ్చి మా ఆయన అత్త ఎదుట నిలబడి, ఇది చెప్పింది నిజమేనమ్మా అన్నాడు. అత్త ఊఁ అంది, అంతే. ఆయన ఇవాళ ఓడల అడుగున గుల్లలు గీకే పనికి కుదిరాడు. నాతో ఇంకా సరిగ్గా మాట్లాడడం లేదు. అన్నం మాత్రం నేను పెడితే తింటున్నాడు.

అమావాస్య

వెలుగు ఎంత తగ్గిందంటే, కేలెండరు ఉన్న చోటే కనిపించడం లేదు. ఇంత చీకటి ఆ పెట్టెలో ఎప్పుడూ చూడలేదు. పరుగెత్తి ఎవరికైనా చెప్పాలనిపించింది. మా ఆయన ఓడ కింద ఉన్నాడు. ఇంట్లో అత్త ఒక్కతే ఉంది.

అత్త తినడం లేదు. పస్తు రోజులు అయిపోయి ఇన్నాళ్ళైనా పూటకి గుక్కెడు గంజి తాగి ఊరుకుంటోంది. అన్నం పెడితే వాసన పడటం లేదంటుంది. కొడుకు పాపానికి పరిహారం చేస్తోందని మా ఆయన అంటున్నాడు. వెళ్ళి కాళ్ళు పట్టుకున్నాడు. ఆవిడ తల నిమిరి లెమ్మంది. కోపం లేదు, ఆకలీ లేదు. కళ్ళలో తెలుపు పసుపు తిరిగిందా, లేక దీపం వల్ల అలా కనిపించిందా అని అస్తమానం ఏదో వంకతో ఆవిడ మొహంలోకి చూస్తున్నాను.

పెట్టెలో వెలుగు తగ్గుతున్న కొద్దీ ఇంట్లో ఉండలేకపోతున్నాను. గిన్నెలు తోమినవే తోముతున్నాను.

శుద్ధ పంచమి

ఈ రోజు సౌరపలకల దగ్గర అత్త కళ్ళు తిరిగి కూలబడింది. లేపి నీడలోకి తెచ్చి, మొహం తుడిచాను. ఎన్నడూ లేనిది, అత్తని కసిరాను. ఆయన తిన్నాడని నువ్వు చచ్చిపోతావా, గంగమ్మ అడిగిందా అని. అన్నాక నా నోరే నాకు కొత్తగా అనిపించింది.

అత్త లేచి గోడకి ఆనుకుని కూర్చుంది.

"గురువులు తిన్నాడని కాదే. ఆడు తిని బతికున్నాడు, సంతోషవే. పెద్దోడు తిన్లేదు. కడుపుబ్బి మంచం మీదున్నప్పుడు కూడా, అమ్మా ఓ ముద్దెట్టవే అంటే, పస్తు దాటనీ నాయినా అన్నాను. ఆడు నా మాట ఇన్నాడు."

ఇన్ని రోజులూ ఆవిడ మింగలేకపోతున్నది అదీ. డాక్టరమ్మ స్విచ్చి సంగతి చెప్పినప్పుడు మేమందరం గురువులు గురించి విన్నాం. ఆవిడ ఎర్రయ్య గురించి వింది.

పస్తు వల్ల కాదు అని చెప్పాలని నోటిదాకా వచ్చింది. నాకు తెలియనిది ఎలా చెప్పను?

"ఏమో అత్తా, నాకు తెలీదు," అన్నాను. "అప్పుడు మందే లేదంట. తిన్నా ఉండేవాడో లేదో డాక్టరమ్మకైనా తెలుస్తాదో లేదో. ఒకటి మాత్రం నాకు తెలుసు. ఆయన తిన్నాడు. మూకుడు తిన్లేదు. మరి ఎవరితో సమానంగా పస్తుంది అది? నీతో. ఇన్నాళ్ళూ నాను చీలికలోంచి చూసింది నీ కార్జవే."

అత్త తన పక్క మీద చెయ్యి పెట్టుకుంది, ఎవరైనా పిలిచినట్టు.

"అంతలా ఎలిగిందేటే?" అని అడిగింది.

"అక్షరాలు కనబడేవత్తా."

శుద్ధ సప్తమి

ఓడ ఓడంతా పస్తు. పొయ్యిలు లేవు, ఎవరి గుమ్మంలో చూసినా వలలు కుట్టుకుంటున్న మగవాళ్ళు, మాట్లాడే ఓపిక లేని ముసలమ్మలు. మా ఇంటి పొగ ఒక్కటే పైకి లేచింది. పొగ కనపడకుండా తలుపు వేద్దామనుకున్నాను. మా ఆయన వెయ్యొద్దన్నాడు. గుమ్మంలోనే కంచం పెట్టించుకుని, దారిన పోయేవాళ్ళందరి ఎదుటా తినడం మొదలెట్టాడు. పక్కింటి పిన్ని మా గుమ్మం ముందు ఆగింది.

"ఏటి గురువులూ, గంగమ్మకి సెప్పే తింటన్నావా?"

"సెప్పే తింటన్నాను పిన్నీ. ఇంకాస్త ఏసుకోమన్నాది."

పిన్ని నోరు నొక్కుకుంది, నవ్వో తిట్టో తెలియలేదు. నవ్వే అయ్యుంటుంది.

నేను మూకుడులో గులాబీ నీళ్ళు పోసి వచ్చాను. ఇంకో కంచంలో అన్నం, చారు వేసి అత్త ముందు పెట్టాను. పెట్టి, పారిపోకుండా అక్కడే కూర్చున్నాను. అత్త కంచం వైపు చూడలేదు. ముందు కొడుకు తినడం చూసింది. ఆయన కలుపుకోవడం, ముద్ద చేయడం, నమలడం, ఏదో మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. డాక్టరమ్మ సూది తెచ్చే రోజుకి ఈవిడ లోపల ఏం మిగిలి ఉంటుందో, కార్జం ఎంత గట్టిపడి ఉంటుందో, ఆ పొర గాజు మీద అసలు పెరుగుతుందో లేదో, నాకేమీ తెలియదు.

అత్త చెయ్యి కడుక్కుంది. అన్నం కలిపింది. చాలాసేపు కలిపింది. చిన్న ముద్ద చేసి, దాన్ని చేతిలోనే పట్టుకుని, ఎర్రా అని పెదవులు కదిపింది. తర్వాత నోట్లో పెట్టుకుంది.

మా ఆయన తినడం ఆపేశాడు. ఆవిడ మింగేదాకా ఇద్దరం ఆ గొంతు వైపే చూస్తూ ఉండిపోయాం.